సీసా వెనక గుడ్డ

అక్క కువైట్ నుంచి వచ్చేసిన ఏడాది మా ఇంట్లో పచ్చళ్ళ కన్నా గుడ్డల గొడవ ఎక్కువగా ఉండేది. పచ్చడి కలపడం ఒక పూటలో అయిపోయేది. ఆ సీసాను ఫోటో తీయడానికి వెనక ఏం కట్టాలి, కింద ఏం పరవాలి అన్న దగ్గర వారం గడిచిపోయేది. రాజోలు పక్క పల్లెలో, ఒక పెంకుటింటి వసారాలో, ముగ్గురు ఆడవాళ్ళు రొయ్యల పచ్చడి సీసా ముందు చతికిలబడి, దీని వెనక నీలం బాగుంటుందా గోధుమరంగు బాగుంటుందా అని పోట్లాడుకున్నారంటే వినేవాళ్ళకు నవ్వొస్తుంది. అప్పట్లో నాకూ నవ్వే వచ్చేది.

ముగ్గురమంటే నేను, మా అక్క, అక్క కూతురు. బావగారు రొయ్యల చెరువు మీద పనిచేసేవారు. చెరువులో నీళ్ళు చిలికే మోటారు దగ్గర కరెంటు కొట్టి పోయారు. అప్పటికి పిల్ల ఇంకా బళ్ళో కూడా పడలేదు. ఆ ఏడాది తిరక్కుండానే అక్క ఇంటిపనికి కువైట్ వెళ్ళింది. మా పక్క ఏ వీధిలో చూసినా అలా వెళ్ళిన ఆడవాళ్ళు ఒకరిద్దరుంటారు కాబట్టి ఎవరూ వింతగా చూడలేదు. పిల్లను నా దగ్గర వదిలి వెళ్ళింది. నాకు పిల్లల్లేరు. బళ్ళో మిగతా పిల్లలను చూసి వచ్చి ఒక సాయంత్రం అది నన్ను అమ్మా అని పిలిచింది. నేను దిద్దలేదు. నిజం చెప్పాలంటే, దిద్దాలని అనిపించలేదు. మా ఆయన నాన్న అయ్యారు. అక్క మొదట్లో కువైట్ అమ్మ, తర్వాత్తర్వాత వట్టి కువైట్ ఆవిడ.

ఇక మళ్ళీ వెళ్ళనని అక్క వచ్చేసేసరికి పిల్ల ఇంటర్లో చేరింది. అక్కకు ఉన్న కోరిక ఒక్కటే. ఆ పిల్ల నోట అమ్మా అనిపించుకోవాలి. ఆ మాట నాతో పైకి అనలేదు గానీ, పిల్ల కాలేజీ నుంచి వచ్చి గుమ్మంలోంచి అమ్మా అని కేకేస్తే నాకన్నా ముందు అక్క తల తిప్పేది. పిలుపు తనకు కాదని గుర్తొచ్చి చేతిలో ఉన్న పనిలోకి తల దించేసుకునేది. నేను చూడనట్టు నటించేదాన్ని.

పిల్ల అక్కతో ఎప్పుడూ పెడసరంగా మాట్లాడలేదు. మాట్లాడి ఉంటే బాగుండేది. "తీసుకోండి", "ఆయ్, సరేనండి", "మీరు కూర్చోండి, నేను తెస్తానండి". మా వైపు మర్యాదకు లోటు లేదు. కానీ కన్నతల్లిని అండి అని పిలిచే పిల్లను నేను మా ఇంట్లోనే చూశాను. నన్ను మాత్రం ఒసేయ్ అనడం ఒక్కటే తక్కువ. కూరలో ఉప్పు ఎక్కువైతే పళ్ళెం తోసేసేది, తల దువ్వమని నా మీదకు కూలబడేది. ఆ తోసేసిన పళ్ళేన్ని అక్క ఎలా చూసేదో నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. తను వడ్డించినప్పుడు ఒక్కసారి కూడా ఆ పిల్ల పళ్ళెం తోయలేదు. పెట్టింది పెట్టినట్టు తిని, కడుక్కుని లేచేది.

పచ్చళ్ళు అమ్ముదామన్నది అక్కే. ఆవకాయ, మాగాయ, రొయ్యల పచ్చడి, పండుమిరప. ఫోన్లో పేజీ తెరిచి ఫోటోలు పెట్టాలంది పిల్ల. ఫోటోలు తనే తీస్తానంది. అక్క మొహం వెలిగిపోయింది.

మొదటి ఫోటో వంటింటి గట్టు మీద తీసింది. అందులో సీసా వెనక గ్యాసు బండ, దాని పైన దండెం మీద ఆరేసిన లుంగీ. "ఇది చూసినోళ్ళు పచ్చడి అడుగుతారో, నాన్న లుంగీ అడుగుతారో తెలీట్లేదమ్మా" అంది నాతో. ఆ రోజు నుంచి వెనక కట్టే గుడ్డ కోసం వేట మొదలైంది.

తెల్లదుప్పటి కట్టాం. పచ్చడి ఎర్రగా బాగానే కనిపించింది గానీ, మా ఆయన గుమ్మంలో నిలబడి చూసి, "తెల్లగుడ్డ మీద అలా పెట్టేరేంటి, చావింటికొచ్చినట్టుంది" అన్నారు. తీసేశాం. ఎర్రచీర కడితే పచ్చడి అందులో కలిసిపోయి వట్టి మూత మాత్రం మిగిలింది. పిల్ల నల్లగుడ్డ కావాలంది. పెద్ద పెద్ద కంపెనీలవాళ్ళంతా నలుపే పెడతారట. తిండి పదార్థం వెనక, అదీ మొదటి బేరానికి, నలుపేమిటని నేను అడ్డం పడ్డాను. "నీకు పచ్చడి కనబడాలా, శకునం కనబడాలా అమ్మా" అని నా మీద విసుక్కుంది. తాటాకు చాప నిలబెట్టి చూశాం. చాప అల్లిక ముందు సీసా కంటికి ఆనలేదు. గోనెపట్టా బాగుంది గానీ కడుగుతుంటే దాని పీచు సగం ఊడిపోయింది.

అరిటాకు మీద పెడదామన్న ఆలోచన నాది. అరిటాక్కి మాకేం కొదవ. పెరట్లో కోసి, వేడన్నం పెట్టి, పక్కన ఆవకాయ వేసి, ఆ వెనక సీసా నిలబెట్టాం. బ్రహ్మాండంగా వచ్చింది. రాత పెట్టుకోవడానికి కుడిపక్క ఖాళీ చాల్లేదని పిల్ల ఫోన్లో ఫోటోను అటుది ఇటు తిప్పేసింది. సీసాల మీద ఇంకా పేరు అంటించలేదు కాబట్టి తిప్పిన సంగతి మాకెవరికీ తట్టలేదు. మర్నాటికల్లా మాకు వరసకు అత్తయ్యగారయ్యే ఆవిడ తాటిపాక నుంచి ఫోన్ చేశారు. "ఏమ్మా, ఆకు కొస కుడిపక్కకి పెట్టేరేంటి? భోజనానికా, తద్దినానికా?" అన్నారు. ఆ కింద ఎవరెవరో నవ్వుతూ అదే మాట రాశారు. అన్నానికి కూర్చున్న మనిషికి ఆకు కొస ఎడమపక్కన ఉండాలని మా పక్క పసిపిల్లకైనా తెలుసు. మాకూ తెలుసు. ఫోన్ తిప్పింది గానీ మేం తిప్పలేదని ఎవరికని చెప్పుకుంటాం. పిల్ల సిగ్గుపడి గదిలోకి పోయి తలుపేసుకుంది.

అక్క వెళ్ళి తలుపు దగ్గర నిలబడింది. కొట్టలేదు. "పర్లేదమ్మా, ఇంకో ఆకు కోద్దాం. ఈసారి కొస నేను చూసుకుంటాను" అంది తలుపుతో. కాసేపటికి పిల్ల బయటికొచ్చి, "ఆయ్, అలాగేనండి" అంది.

ఆ తర్వాత నుంచి నేను ఒకటి గమనించాను. అక్కకు ఏ గుడ్డా నచ్చడం లేదు. పిల్ల బాగుందన్నా నచ్చదు, నేను బాగుందన్నా నచ్చదు. "ఇది కాస్త మెరుస్తంది, ఇంకోటి చూద్దామా", "దీని అంచు అడ్డొస్తంది", "రేపు సెలవే కదా, అమలాపురం వెళ్ళి ముక్కలు చూసొద్దామా". బండారులంక నేత చీర దగ్గర్నుంచి కిటికీ తెరల దాకా తెప్పించింది. నాకు ఒళ్ళు మండింది. పచ్చడి సీసాకు పెళ్ళికూతురి కన్నా ఎక్కువ చీరలేంటే అన్నాను. అక్క నవ్వి ఇంకో గుడ్డ మడత విప్పింది. ఒక ఆదివారం మధ్యాహ్నం నాకు అర్థమైంది. గుడ్డ కుదిరిపోతే ఫోటో అయిపోతుంది. ఫోటో అయిపోతే పిల్ల లేచి పోతుంది. గుడ్డ కుదరనంతసేపూ పిల్ల అక్క పక్కనే కూర్చుని, అక్క భుజం మీంచి ఒంగి ఫోన్లో చూపిస్తూ, ఇటు పట్టుకోండి, అటు లాగండి అంటూ ఉంటుంది. అక్కకు కావలసింది ఆ కాసేపు. అది అర్థమయ్యాక నేను విసుక్కోవడం మానేశాను. అలాగని నాకు అసూయ లేదంటే అబద్ధం. వాళ్ళిద్దరి తలలూ ఫోన్ మీద దగ్గరగా చేరినప్పుడు వంటింట్లోకి పోయి అక్కర్లేని గిన్నెలు తోమేదాన్ని.

చివరికి కుదిరింది నా పాత నూలుచీర. వెలిసిపోయిన నీలం. దాని ముందు రొయ్యల పచ్చడి నూనె నిగనిగలాడింది. అప్పుడు కూడా ఒక చిక్కొచ్చింది. సీసా నీడ నల్లగా చీర మీద పడిపోతోంది. పిల్ల కాసేపు అటూ ఇటూ తిరిగి చూసి, చీరకీ సీసాకీ మధ్య ఎడం పెట్టించింది. "గుడ్డకి ఆనించి పెడితే నీడ దాని మీదే పడతాదండి. ముందుకి జరిపితే కిందకి జారిపోతాది" అని అక్కకు చూపించింది. అక్క ఆ సీసాను ముందుకీ వెనక్కీ జరిపి జరిపి చూసింది. అంత శ్రద్ధగా ఎందుకు చూస్తోందో నాకు అప్పుడు తెలియలేదు.

గాలి ఒక పట్టాన చీరను నిలవనిచ్చేది కాదు. మర్నాడు పిల్ల కాలేజీకి వెళ్ళాక అక్క ఆ చీర కింది అంచు మడిచి, అందులో ఇసక పోసి కుట్టడం మొదలుపెట్టింది. పైన ఒక కర్ర దూర్చింది, రెండు మూలలా బట్టల క్లిప్పులు పెట్టింది. చెయ్యి తిరిగిన దానిలా చకచకా చేసేస్తోంది.

"ఇదెక్కడ నేర్చేసుకున్నావే అక్కా" అన్నాను.

"అక్కడే" అంది తలెత్తకుండా. "వీడియోలో ఫోన్ చేసినప్పుడు నా వెనక తెర కనబడేది చూడు."

ఆ తెర నాకు తెలియకపోవడమేమిటి. ముదురాకుపచ్చ రంగు మీద బంగారం పువ్వులు. ఏళ్ళ తరబడి అక్క ఫోన్లో మాట్లాడినప్పుడల్లా ఆ తెర ముందు నిలబడే మాట్లాడేది. మా అక్క ఉండే ఇంట్లో తెరలే అంత ఖరీదైనవని నేను వీధిలో చెప్పుకున్నాను కూడా. పిల్ల చిన్నప్పుడు ఆ పువ్వులను ఫోన్ మీద వేలితో తడిమేది. పెద్దయ్యాక ఒకసారి నాతో అంది, అంత మేడలో నాకు ఒక మూల దొరకలేదా అమ్మా ఆవిడకి అని. ఇంకెప్పుడూ ఆ ఊసెత్తలేదు.

"అది కిటికీకేసిన తెర కాదే" అంది అక్క. "మేడమ్ గారు పారెయ్యమంటే ఒక ముక్క చింపి దాచుకున్నాను. నేను పడుకునేది బట్టలుతికే మిషను గదిలో. మిషనుకీ గోడకీ మధ్య పరుపేసుకునేదాన్ని. వెనకంతా అరలు, సబ్బు డబ్బాలు, బకెట్లు. మీకు ఫోన్ చేసే ముందు ఆ ముక్క అరల మీంచి వేలాడదీసి, దాని ముందు నిలబడేదాన్ని. మిషను తిరిగితే గాలికి అంచు లేచిపోయేది. అందుకని అందులో పాత తాళంకప్పలు పెట్టి కుట్టేసేను."

సూది టకటకా నడుస్తూనే ఉంది. నాకు దుఃఖం, కోపం కలిసి వచ్చాయి. ఎవరి మీద కోపమో తెలియదు. అంతకాలం ఆ తెరను చూసి మురిసిపోయిన నా కళ్ళ మీదే అనుకుంటాను.

"దానికి చెప్పెయ్యి. ఈ మాట తెలిస్తే నీ మీద దానికి కోపముండదు" అన్నాను.

"వద్దు."

"ఏం?"

"కోపంగా ఉంటే తింటాది, చదువుకుంటాది, నన్ను తిట్టుకుంటానే నిద్రపోతాది. ఇది తెలిస్తే దానికి ముద్ద దిగుద్దా? నామీద కోపంతో పెరిగింది, పర్లేదు. నామీద జాలితో పెరగలేదు. అదొక్కటే నేను దానికి చేసింది. నువ్వు దాన్ని పాడు చెయ్యకు." సూది ఆపి నా చెయ్యి తీసి తన తల మీద పెట్టుకుంది. "ఒట్టెయ్యి."

వేశాను. వేస్తున్నప్పుడు నాలో ఒక మూల ఊరటగా కూడా అనిపించింది. పిల్లకు తెలిస్తే అది నా దగ్గర ఎందుకుంటుంది. ఆ ఊరట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పచ్చళ్ళు మొదట్లో బాగానే పోయాయి. నీలంచీర ముందు సీసాను చూసి ఎక్కడెక్కడివాళ్ళో అడిగారు. తర్వాత మాలాంటివాళ్ళు వీధికొకరు బయల్దేరారు. వానలు పట్టాక బూజు భయం, పార్సిలు పగిలిందన్న ఫిర్యాదులు. అడిగేవాళ్ళు తగ్గిపోయారు. పిల్లను ఇంజనీరింగు చదివించాలని అక్క పట్టుదల. పాత మేడమ్ గారు మళ్ళీ రమ్మని కబురు పెట్టారు. అక్క రెండు రోజులు ఖాళీ సీసాలన్నీ కడిగి బోర్లించింది. మూడో రోజు బట్టలు సర్దుకుంది.

ఆటో వచ్చింది. సంచులు పిల్లే మోసుకెళ్ళి లోపల పెట్టింది. "జాగ్రత్తగా వెళ్ళి రండి. చేరేక ఫోన్ చెయ్యండి" అంది. అక్క ఒక కాలు ఆటోలో పెట్టి, ఒక కాలు నేల మీదే ఉంచి, దాని మొహంలోకి చూస్తూ నిలబడింది. దేనికోసమో నాకు తెలుసు. పిల్లకు తెలియదు. "ఇంకేమన్నా మర్చిపోయేరాండీ" అని అడిగింది. లేదమ్మా అని అక్క ఎక్కి కూర్చుంది.

ఆ తర్వాత అక్క ఎప్పటిలా ఫోన్ చేస్తూ ఉండేది. వెనక అదే తెర. తను లేనప్పుడు ఎవరూ పారేయలేదన్నమాట. పిల్ల రెండు ముక్కలు మాట్లాడి ఫోన్ నా చేతికిచ్చేసేది.

ఒక ఆదివారం పగలు నేను పెరట్లో కత్తితో చేపలు తోముతున్నాను. అక్క ఫోన్ చేస్తే పిల్ల ఎత్తింది. ఆయ్, ఆయ్ అనడం వినిపిస్తోంది. ఎప్పుడూ లేనిది ఆ రోజు ఎంతకీ ఫోన్ నాకివ్వలేదు. తలెత్తి చూస్తే, ఫోన్ను మొహానికి దగ్గరగా పెట్టుకుని కళ్ళు చిన్నవి చేసుకుని చూస్తోంది. పచ్చడి ఫోటోలు తీసేటప్పుడు అలాగే చూసేది.

"ఒకసారి పక్కకి జరగండి" అంది ఫోన్లో.

"ఎందుకమ్మా?" అక్క గొంతు.

"ఊరికేనండి. ఇటు కాదు, అటు."

అక్క జరిగినట్టుంది. ఇంతలో అవతల ఎవరో పిలిచారు. ఉంటానమ్మా, పనుంది అని అక్క పెట్టేసింది.

పిల్ల వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చుంది. చేప పొలుసు దాని గౌను మీద పడుతున్నా జరగలేదు.

"ఆ తెర వెనక కిటికీ లేదు" అంది. "అక్కడా ఇప్పుడు పగలే కదా. కిటికీ ఉంటే వెలుతురు తెర లోంచి రావాలి. ముందునుంచి వస్తంది, లైటుది. ఆవిడ నీడ తెర మీదే పడిపోయింది. జరిగితే నీడ కూడా జరిగింది. ఆవిడికీ తెరకీ మధ్య బెత్తెడు కూడా ఎడం లేదు. అంత ఇరుకులో ఎందుకు నిలబడతంది? తెర కింద అంచు కూడా బరువుగా ఉంది, మనం ఇసక పోసి కుట్టినట్టు."

నేను చేపను తోముతూనే ఉన్నాను. పొలుసు ఎప్పుడో పోయింది, తోలు కూడా లేచిపోతోంది. నాకేం తెలుసు అందామని నోరు తెరిచాను. నా మొహం చూసి దానికి అర్థమైపోయింది. ఊహ తెలిసినప్పటి నుంచి నా మొహం చదువుతున్న పిల్ల.

నా చేతిలోంచి కత్తి తీసి పక్కన పెట్టింది.

"పిన్నీ" అంది. "అమ్మ ఎక్కడ పడుకుంటంది?"

నాకు ఒక్క క్షణం ఎవరిని పిలుస్తోందో తెలియలేదు. తెలిశాక, ఎన్నో ఏళ్ళుగా నాదనుకున్న మాట నా దగ్గర్నుంచి వెళ్ళిపోయిందని తెలిసింది. వెళ్ళవలసిన చోటికే వెళ్ళింది. బాధపడే హక్కు నాకు లేదని తెలిసినా బాధపడ్డాను. ఆ మాట కోసం ఏడాది పాటు గుడ్డలు మార్చి మార్చి కట్టిన మనిషికి మాత్రం అది వినబడలేదు.

ఒట్టు గుర్తుంది. అయినా చెప్పాను. బట్టలుతికే మిషను పక్కన అన్నాను.

పిల్ల ఏడవలేదు. ఫోన్ తీసి మళ్ళీ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. అక్క ఆ వేళప్పుడు మేడమ్ గారి వంటింట్లో ఉంటుంది, పనిలోకి ఫోన్ పట్టుకెళ్ళనివ్వరు. ఆ ఇరుకు గదిలో బకెట్ల మధ్య అది మోగుతూ ఉంటుందని నాకు తెలుసు. ఇప్పుడు పిల్లకీ తెలుసు. అయినా ఫోన్ చేస్తూనే ఉంది. నేను ఆపమనలేదు.